మూసుకుపోని తూము

గోడకు చెవి ఆనించి, ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడ ఆగాయో చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆ ఒక్కడినీ నేనెరుగుదును. ఇందులో ఆవగింజంత అతిశయోక్తి లేదు. ముప్పై ఏళ్ళు పైపుల పనిలో నలిగిన ఆ మనిషిని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఒకసారి మూడంతస్తుల మేడలో కింది గోడకు చెవి పెట్టి, "పైన ఒక పెద్దాయన తలకు సబ్బు రుద్దుకుని, నీళ్ళు రాక కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ముందు ఆయనకో చెంబెడు నీళ్ళు పంపండి, తర్వాత నా పని చూస్తాను" అన్నాడట. పంపారు. పెద్దాయన సరిగ్గా అలాగే నిలబడి ఉన్నాడు. ఇంకో ఇంట్లో తూములో పడిన ఉంగరం ఏ వంపులో ఇరుక్కుందో చెప్పడమే కాదు, అది వేలి నుంచి జారిందా, కోపంతో విసిరేశారా అన్నది కూడా చప్పుడును బట్టి చెప్పేశాడు. ఆ దంపతులు అతని ముందే పోట్లాట మొదలుపెట్టి, అతను పని ముగించేలోగా రాజీపడ్డారు. ముప్పై ఏళ్ళలో ఆ చెవి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

అలాంటి చెవి, సొంత ఇంట్లో సొంత కూతురి ప్రాణం రోజుకింత చొప్పున తూములో కొట్టుకుపోతుంటే పద్నాలుగు నెలలు వినలేదు. చెప్పదలచుకున్నది ఆ పద్నాలుగు నెలల సంగతి.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మేస్త్రి పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వెళితే, పది ఇళ్ళ మురికి వేళ్ళకంటించుకుని చీకటి పడే వేళకు వచ్చేవాడు. మోకాళ్ళు అరిగాయి. కూర్చుంటే లేవడానికి ఒక గోడా, లేస్తే కూర్చోవడానికి ఒక సాకూ కావాల్సి వచ్చేది. భార్య ముందు గదిలో బల్ల వేసుకుని నాలుగు వీధుల బట్టలకు ఇస్త్రీ చేసేది. ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు. అన్నం కూడా బల్ల పక్కన నిలబడే తినేది. కూతురికి ఇరవై రెండేళ్ళు. కళ్ళద్దాల షాపులో పని. గోడలన్నీ అద్దాలే ఉన్న షాపు అది. వచ్చినవాళ్ళు తమ మొహాలు చూసుకుంటే, ఆ పిల్ల రోజుకు తొమ్మిది గంటలు ఎటు తిరిగినా తనను తాను చూసుకుంటూ నిలబడాలి.

ఇంట్లో ఆ పిల్ల పేరు గుమ్మడి. పసితనంలో బూరెబుగ్గలతో, చేతులకు మడతలతో నేల మీద దొర్లుతుంటే తండ్రే పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు. ప్రేమతో పెట్టిన పేర్లతో వచ్చిన చిక్కే అది, సిమెంటు పోసి బిగించిన పైపులాగా ఊడిరావు. పిల్ల పెరిగింది, మడతలు పోయాయి, పేరు మాత్రం గుమ్మంలోకి వచ్చిన ప్రతి చుట్టం నోటా అలాగే ఉండిపోయింది. "ఏమే గుమ్మడీ, ఇంకా కాయవేనా, పండువయ్యావా" అని ఒకరంటే ఇంకొకరు నవ్వేవారు. పిల్లా నవ్వేది.

మొదటిసారి బాత్రూం తూము మూసుకుపోయినప్పుడు మేస్త్రి పనినుంచి వచ్చి చొక్కా కూడా విప్పలేదు. జాలీ ఎత్తి, వేళ్ళు పెట్టి, లోపలిది పైకి తీశాడు. వాసన చూశాడు. ముప్పై ఏళ్ళ అనుభవంతో తల పంకించాడు.

"ఈ ఇంట్లో బాత్రూంలో విందులు చేస్తున్నారా ఏమిటి," అన్నాడు. "మెతుకులు వస్తున్నాయి."

"నేను కాదు," అంది భార్య ఇస్త్రీపెట్టె దించకుండానే. "నాకు వంటింట్లో తినడానికే తీరిక లేదు, బాత్రూం దాకా ఎక్కడ పోను."

"నేనే నాన్నా," అంది కూతురు. "టిఫిను డబ్బా అక్కడ కడిగాను. సింకు దగ్గర అమ్మ ఉంటే."

"డబ్బా సింకులో కడగాలి తల్లీ. ఆ తూముకు ఒళ్ళు కడిగిన నీళ్ళే అలవాటు. అన్నం పెడితే అలుగుతుంది."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ మధ్య అలాగే నవ్వుతోంది. ఎదిగిన పిల్ల, పళ్ళు కనబడకుండా నవ్వడం నేర్చుకుందని మేస్త్రి మురిశాడు.

వారం తిరక్కుండానే తూము మళ్ళీ అలిగింది. మళ్ళీ తీశాడు. తర్వాత పది రోజులకు మళ్ళీ. ప్రతిసారీ కూతురు డబ్బా అనే చెప్పింది, ప్రతిసారీ తండ్రి నమ్మాడు. నమ్మడంలో వింతేమీ లేదు. ఒంట్లో ఓపిక ఉన్నవాడు అనుమానిస్తాడు. అలసిపోయినవాడు నమ్మేస్తాడు, అది తొందరగా అయిపోయే పని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేస్త్రి రచ్చ గెలిచి గెలిచి, ఇంటికి వచ్చేసరికి గెలిచే ఓపిక ఉండేది కాదు.

తూము ఒక్కటే కాదు, వంటింట్లో కూడా ఏదో జరుగుతోంది.

"రొట్టె పాకెట్టు మళ్ళీ ఖాళీ," అంది భార్య ఒక పొద్దున. "రాత్రి తెచ్చిందే. బిస్కట్లూ లేవు."

"ఎలుక," అన్నాడు మేస్త్రి.

"పాకెట్టు విప్పి, మొత్తం తిని, కవరు నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్ట అడుగున దాచే ఎలుక ఎక్కడైనా ఉందాండీ?"

"చదువుకున్న ఎలుకేమో."

ఆ సాయంత్రమే బోను తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టాడు. మూడు వారాల్లో అందులో పడింది ఒక్కటే, మేస్త్రి ఎడమకాలి బొటనవేలు. దానికి భార్య పసుపు పెట్టి కట్టుకడుతూ, "ఎలుక దొరికిందా?" అని అడిగింది. ఆమె వేళాకోళం అలాగే ఉంటుంది, ఇస్త్రీపెట్టెలాగా, పొగ కనబడదు గానీ చురక తగులుతుంది.

ఆ కట్టు కడుతున్నప్పుడే ఆమె ఇంకో మాట కూడా అంది. "పిల్ల తిన్న వెంటనే బాత్రూంలో దూరుతోందండీ. కుళాయి తిప్పి అరగంట. పైన ట్యాంకు అడుగంటుతోంది."

"రోజంతా నలుగురి మొహాలు చూసి వచ్చే పిల్ల. తన మొహం కడుక్కోనీ."

"అరగంటా?"

"పెద్ద మొహమే గదా మన గుమ్మడిది. బుగ్గలు చూశావా, మళ్ళీ నిండాయి. తిండి ఒంటపడుతోంది, సంతోషించక."

కూతురు అప్పుడు వంటింటి గడపలో ఉంది. చేతిలో గ్లాసు. ఆ మాట విని, గ్లాసు నీళ్ళు తాగకుండానే మళ్ళీ కుండలో పోసేసింది. మేస్త్రి అది చూశాడు. చూడడం వేరు, చూసినదాని మీద మనసు పెట్టడం వేరు. ఇంకోరోజు అన్నం కలుపుకుంటున్న ఆ పిల్ల కుడిచేతి కణుపుల మీద ఎండిన గీతలు కూడా చూశాడు. "ఫ్రేము గీసుకుంది నాన్నా" అంటే, తన చేతులు చూపించి, "నా కూతురివేనే, పనిచేసే చేతికి గీత లేకపోతే ఎలా" అన్నాడు. గర్వపడ్డాడు కూడా.

తూము ఆరోసారి మూసుకుపోయినప్పుడు ఇక అది మురికి సంగతి కాదు, పరువు సంగతి అయింది. ఊరందరి తూములూ బాగుచేసేవాడి ఇంట్లో తూము మూసుకుపోతోందని భార్య ఇస్త్రీ బట్టలిచ్చేటప్పుడు నాలుగు వీధులకూ చెప్పింది. ఒక ఆదివారం మేస్త్రి పనికి పోలేదు. సుత్తి, ఉలి తీసుకుని బాత్రూం నేల పగలగొట్టాడు. ఎప్పుడో వేసిన ఇంచున్నర పైపు పీకి పారేశాడు. దాని చోట మూడంగుళాల పైపు పెట్టాడు. వంపులన్నీ తీసేసి, తిన్నగా, మంచి వాలుతో, వీధి కాలువ దాకా వేశాడు. అతుకులకు సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా పక్కనే కూర్చుని గోడకు వీపు ఆనించాడు. ఆ వాలు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గోళీ వేస్తే వీధిలో పలికేది.

కూతురు టీ తెచ్చి ఇచ్చి, పక్కన గొంతుకూర్చుంది.

"ఇంక మూసుకోదా నాన్నా?"

"నీ మనవళ్ళు ఇందులో ఏనుగును కడిగినా మూసుకోదు."

"ఏం వేసినా?"

"ఏం వేసినా. మాట రాదు ఇంక దాని దగ్గర్నుంచి."

ఆ పిల్ల పైపు నోటికేసి కాసేపు చూసింది. తర్వాత తండ్రి మొహంకేసి చూసింది, ఏదో అడగబోయినట్టు. అడగలేదు. "మంచిది నాన్నా," అని ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి తూము నోరెత్తలేదు. ఎనిమిది నెలలు. మేస్త్రి ఆ పైపు సంగతి పోయిన ప్రతి ఇంట్లో చెప్పేవాడు.

ఆ ఎనిమిది నెలల్లో ఒక మధ్యాహ్నం షాపు యజమాని మనిషినిచ్చి పిల్లను ఇంటికి పంపాడు. కౌంటరు దగ్గర కళ్ళు తిరిగి కూలబడిందట. తల్లి నిమ్మకాయ నీళ్ళిచ్చింది. తండ్రి సాయంత్రం వచ్చి నుదురు ముట్టుకుంటే చల్లగా తగిలింది. చేతులూ చల్లగానే ఉన్నాయి. "నిద్ర చాలడం లేదు, అంతే," అని ముగ్గురూ ఒక మాట మీదికొచ్చారు. ఆ ఇంట్లో అందరికీ నిద్ర చాలేది కాదు కాబట్టి ఆ కారణం ఎవరికైనా సరిపోయేది.

అప్పుడు పోస్టమ్మ కబురు చేసింది.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి ఆమె పోస్టమ్మ. ఇంట్లో తనూ కొడుకూ ఇద్దరే. కొడుకు గది పక్క బాత్రూంలో నీళ్ళు పోవడం లేదంది. మేస్త్రి వెళ్ళి, వంగలేక వంగి, జాలీ ఎత్తి వేళ్ళు పెట్టాడు. పైకి తీసినది చూసి నవ్వాడు.

"మెతుకులమ్మా. మీ ఇంట్లో బాత్రూంలో డబ్బాలు కడుగుతున్నారు. మా ఇంట్లోనూ ఇదే తంతు. మూడంగుళాల పైపు వేసి పారేశాను, ఎనిమిది నెలలైంది, చుక్క ఆగితే ఒట్టు. మీకూ వేసేస్తాను. అరపూట పని."

"వద్దు మేస్త్రీ."

"మీరు భయపడకండమ్మా, నేల మళ్ళీ కొత్తదానిలా చేసి ఇస్తాను."

"నేల గురించి కాదు. ఉన్న పైపే శుభ్రం చేసి పెట్టు. అది మూసుకుపోతేనే నాకు తెలుస్తుంది."

మేస్త్రికి అర్థం కాలేదు. తూము మూసుకుపోవాలని కోరుకునే ఇల్లాలు అతనికి ముప్పై ఏళ్ళలో తగల్లేదు. పోస్టమ్మ వరండాలోకి తొంగిచూసి, కొడుకు లేడని చూసుకుని, తలుపు దగ్గరికి వేసింది.

"మావాడు పరుగుపందాల మనిషి," అంది. "ఒళ్ళు తేలిగ్గా ఉండాలని వాళ్ళ కోచ్ ఒకసారి అన్నాడట. ఒక్కసారే అన్నాడట. వాడు తినడం మానేశాడు. మానేసి ఉండలేక దొంగతనంగా బోలెడు తినేసేవాడు. తిన్నాక భయమేసి, ఇక్కడికి వచ్చి వాంతి చేసుకునేవాడు. రెండేళ్ళు. నేనేమో పిల్లాడికి శుభ్రం ఎక్కువ, గంటలు గంటలు స్నానం చేస్తాడనుకునేదాన్ని. పోయిన ఏడాది మైదానంలో పడిపోయాడు. రెండు నెలలు ఆస్పత్రి."

"మరిప్పుడు?"

"అయిదు నెలలు బాగున్నాడు. మొన్న వాడే వచ్చి, అమ్మా, నీళ్ళు పోవడం లేదు అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డాడో తెలుసా? మళ్ళీ జారాడన్నమాట. జారానని చెప్పడానికి వాడికి ఆ తూము తప్ప ఇంకో దారి లేదు. నువ్వొచ్చి పెద్ద పైపు వేస్తే, ఆ మాట చెప్పాల్సిన పని కూడా వాడికుండదు."

మేస్త్రి చెయ్యి తూములోనే ఉంది. తియ్యడం మరిచిపోయాడు.

"బుగ్గలు ఉబ్బుతాయా అమ్మా?" అన్నాడు.

"ఉబ్బుతాయి. దవడల కింద వాస్తాయి. చూసినవాళ్ళు పిల్లాడు ఒళ్ళు చేశాడంటారు."

"నోరు మూసుకుని నవ్వుతారా?"

"పులుపు తగిలి తగిలి పళ్ళు అరుగుతాయి. సిగ్గుపడతారు."

"ఇంట్లో రొట్టెలు..."

"రొట్టెలు, బిస్కట్లు, ఏది దొరికితే అది. ఒకసారి చక్కెర డబ్బా."

"చేతి కణుపుల మీద గీతలు?"

"అవి పళ్ళు గీసుకున్న గీతలు," అని పోస్టమ్మ లేచింది. బకెట్టు బోర్లించి అతని పక్కకు జరిపింది. "కూర్చో మేస్త్రీ," అంది. "ఎవరు మీ ఇంట్లో?"

"ఎలుక అనుకున్నామమ్మా," అన్నాడు మేస్త్రి. "బోను కూడా పెట్టాను."

ముప్పై ఏళ్ళలో ఆ చెవి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని మొదట్లో గొప్పగా రాశాను. ఆ వాక్యం కొట్టేసుకోండి, నాకేమీ బాధ లేదు. నిజం చెప్పాలంటే మేస్త్రి చెప్పిన తప్పులకు లెక్కే లేదు. ఒకసారి పక్కింటాయన గురక విని, గోడలో పైపుకు గాలి పట్టిందని సగం గోడ పగలగొట్టాడు. పగిలిన కన్నంలోంచి ఆ పక్కింటాయన లేచి, "ఏం కావాలి నాయనా" అని మర్యాదగా అడిగాడు. ఇంకోసారి నేలకింద నీళ్ళు కారుతున్నాయని పెరడంతా తవ్వితే, కారుతున్నది అతని సొంత సంచీలోని నీళ్ళ సీసా. మూడంతస్తుల మేడలో సబ్బు పెద్దాయన విషయమైతే, ఆయన పైనుంచి అరుస్తుంటే వీధంతా విన్నారు, దానికి చెవి మేస్త్రే అక్కర్లేదు. అయితే ఆ తప్పులన్నింటికీ ఒక బస్తా సిమెంటు సరిపోయింది. ఈ తప్పుకు ఏం పూయాలో అతనికి తెలియలేదు. మూగగా ఏడుస్తున్న పిల్ల తరఫున ఆ ఇంట్లో పలికిన ఒక్క నోరు ఆ తూము. ఆ నోరు తన చేత్తో, ఆదివారం సెలవు పెట్టుకుని మరీ, మూయించాడు.

బయలుదేరేటప్పుడు పోస్టమ్మ గేటు దాకా వచ్చింది. "అరవకు," అంది. "ఒంటి గురించి మాట్లాడకు, సన్నం అనీ వద్దు, లావు అనీ వద్దు. నువ్వు చూసింది చెప్పు, నీకు భయంగా ఉందని చెప్పు. రేపే డాక్టరుకు చూపించు. కక్కీ కక్కీ ఒంట్లో ఉప్పులు పోతాయి, అవి పోతే ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చట. పైకి బాగానే కనబడేవాళ్ళకు కూడా. మాకు ఆస్పత్రిలో అదే చెప్పారు."

మేస్త్రి ఇంటికొచ్చేసరికి కూతురు ఇంకా షాపు నుంచి రాలేదు. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. వచ్చాక మాత్రం తనకు చేతనైనదే చేశాడు. సుత్తి తీసుకుని బాత్రూం నేల పగలగొట్టడం మొదలుపెట్టాడు.

భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏమండీ, మతిపోయిందా? బాగున్న పైపును ఎందుకు పీకుతున్నారు?"

"బాగుంది గనకనే."

"అంటే?"

అంటే ఏమిటో చెప్పాడు. రాళ్ళ మధ్య కూర్చుని, సుత్తి ఒళ్ళో పెట్టుకుని, పోస్టమ్మ చెప్పిందంతా ఆమెకు చెప్పాడు. ఆమె వింటూ వింటూ గడప మీద కూర్చుండిపోయింది. ఆమె కూర్చోవడం చూసి అతనికి ఇంకా భయమేసింది.

కూతురు వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆ పిల్ల చెప్పులు విప్పి, పగిలిన నేలకేసి చూసింది.

"మూసుకుపోయిందా నాన్నా?"

"లేదు."

"మరెందుకు పగలగొట్టావు?"

"మూసుకుపోవడం లేదనే. రా తల్లీ, ఇలా కూర్చో. నేను కొన్ని చూశాను. తిన్నాక కుళాయి చప్పుడు విన్నాను. నీ చెయ్యి చూశాను. తూములోంచి ఆరుసార్లు నా చేత్తో తీశాను. అన్నీ చూసి ఒక్కటీ పట్టించుకోలేదు. నాకిప్పుడు భయంగా ఉంది."

"దేనికి భయం? నాకేమీ లేదు. డబ్బా కడిగానని చెప్పాను గదా."

"డబ్బా కడిగితే పద్నాలుగు నెలలా?"

అప్పటిదాకా మాట్లాడని తల్లి గడప మీదినుంచి అంది. "కాళ్ళు వాచేలా నిలబడి వండి పెడితే, కక్కి పారబోస్తున్నావా? తిండి దొరకనివాళ్ళు ఎంతమంది..."

"నువ్వుండు," అన్నాడు మేస్త్రి.

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు," అంది కూతురు. గొంతు పెరగలేదు. అలసిపోయిన మనిషి మూట దించినట్టు అంది. "అమ్మ ఇదే అంటుందని తెలుసు. నేనూ రోజూ నన్ను అదే అనుకుంటున్నాను. నువ్వు కొత్తగా అనేదేమీ లేదమ్మా."

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. కూతురు తండ్రికి ఎదురుగా, పగిలిన రాళ్ళకు ఇవతల కూర్చుంది.

"ఒక మాట అడగనా నాన్నా? పైపు మార్చిన రోజు నీకు తెలిసిపోయిందనుకున్నాను."

"ఏం తెలిసిపోయిందని?"

"ఇది. చెవి మేస్త్రివి గదా. అందరి ఇళ్ళల్లోనూ గోడకు చెవి పెట్టి చెబుతావు. మన ఇంట్లో తెలియకుండా ఎలా ఉంటుందనుకున్నా. తెలిసే, ఇంక దీని గురించి మాట్లాడుకోవద్దు, నీ దారిన నువ్వు కానీ అని పెద్ద పైపు వేశావనుకున్నా. ఎనిమిది నెలలు అలాగే అనుకున్నా."

మేస్త్రి ఒళ్ళోని సుత్తి తీసి పక్కన పెట్టాడు.

"లేదు తల్లీ. తెలియలేదు. నేను మూర్ఖుణ్ణి, అంతే. తెలిసి వదిలేసేవాణ్ణి కాదు."

ఆ పిల్ల చాలాసేపు అతని మొహం చూసింది. నాన్న మూర్ఖుడని తెలిస్తే కూడా ఊరట కలిగే ఘడియలు ఉంటాయని అప్పటిదాకా ఎవరూ అతనికి చెప్పలేదు.

"ఆ పేరుతో పిలవకండి," అంది చివరికి. "ఇద్దరూ."

"ఏ పేరు?" అని తల్లి అడిగి, వెంటనే తెలిసి, తల దించుకుంది.

"రేపు డాక్టరు దగ్గరికి పోదాం," అన్నాడు మేస్త్రి.

"నాకు షాపుంది."

"నాకూ పనుంది. మోకాళ్ళు కూడా చూపించుకోవాలి. ఇద్దరం కలిసి పోతే ఒక దారిలో అయిపోతుంది."

"అయిదేళ్ళ నుంచి అమ్మ మొత్తుకుంటుంటే చూపించుకోలేదు నువ్వు."

"నువ్వొస్తే చూపించుకుంటా."

"ముందు నీ మోకాళ్ళు. అప్పుడు నేను."

"సరే."

మర్నాడు అలాగే జరిగింది. డాక్టరమ్మ మోకాళ్ళు నొక్కిచూసి, మెట్లెక్కొద్దని చెప్పి, తర్వాత కూతురిని లోపలికి తీసుకెళ్ళింది. రక్తం తీశారు. గుండెకు తీగలు పెట్టి కాగితం మీద గీతలు తీశారు. ఆ కాగితం చూసి డాక్టరమ్మ ఇంటికి పంపలేదు. ఒంట్లో పొటాషియం బాగా పడిపోయింది, గుండె లయ తప్పుతోంది, సెలైన్ పెట్టి మూడు రోజులు ఉంచాలంది. "ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే," అని మొదలుపెట్టి, తండ్రి మొహం చూసి ఆపేసింది.

"మీరెలా కనిపెట్టారు?" అని అడిగింది.

"వేరేవాళ్ళ ఇంట్లో," అన్నాడు మేస్త్రి.

తర్వాతది చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అంతా చాకిరీ. వారానికొకసారి ఆస్పత్రిలో ఒక కౌన్సెలరు దగ్గర గంట. ఇంట్లో వేళపట్టున ముగ్గురూ కలిసి తినాలి, తిన్నాక పిల్ల ఒంటరిగా ఉండకూడదు, ఒక గంట అందరూ కలిసి కూర్చోవాలి. తిండి గురించి తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చు. తల్లికి అన్నింటికన్నా కష్టమైనది ఆ గంట. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఖాళీ చేతులతో గంట కూర్చోలేదు. మొదటి వారం కాళ్ళు ఊపుతూ కూర్చుంది, రెండో వారం గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది. మేస్త్రి కథలు చెప్పేవాడు. గురక గోడ కథ నాలుగుసార్లు చెప్పాడు, ప్రతిసారీ గోడ కొంచెం పెద్దదైంది. కొన్ని రోజులు పిల్ల వినేది. కొన్ని రోజులు గోడకేసి తిరిగి కూర్చునేది. కొన్ని రోజులు లేచి బాత్రూంకేసి వెళ్ళిపోయి, తర్వాత ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, "ఇవాళ కుదరలేదు నాన్నా" అనేది. "సరే," అనేవాడు. అంతకంటే ఏం అనాలో కౌన్సెలరును అడిగితే, అంతే అనమంది.

పగలగొట్టిన బాత్రూం నేల పన్నెండు రోజులు అలాగే ఉంది. వీధివైపు పైపుకు ఒక గొట్టం తగిలించి ఎలాగో నడిపించారు. స్నానాలు గోడవారగా, ఒంటికాలి మీద కొంగల్లాగా చేశారు. మేస్త్రి సన్నపైపు కొని తెచ్చి, పీకిన పెద్దపైపు పక్కనే గోడకు ఆనించాడు గానీ, వెయ్యడానికి చెయ్యి రాలేదు. కూతురు ఒకరోజు తడి జుట్టుతో బయటికొచ్చి, "ఏదో ఒకటి వేసి కప్పెయ్యి నాన్నా, రోజూ స్నానానికి సర్కసు చేయలేకపోతున్నాం" అంది.

"ఏది వెయ్యమంటావు?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు.

ఆ పిల్ల రెండు పైపులూ చూసింది. తుండుతో జుట్టు తుడుచుకుంటూ ఆలోచించింది.

"పెద్దదే వెయ్యి," అంది. "చెప్పాల్సి వస్తే నేనే చెబుతాను. తూముతో చెప్పించను."

మేస్త్రి పెద్దదే వేశాడు. నమ్మకం ఒక పక్క, భయం ఒక పక్క. ఏది ఎక్కువో అతను ఇప్పటికీ చెప్పలేడు.

నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలల్లో పిల్ల తొమ్మిదిసార్లు "ఇవాళ కుదరలేదు" అని చెప్పింది, చెప్పకుండా దాచినవి ఎన్నో ఆమెకే తెలియాలి. తల్లి ఇస్త్రీ బల్ల పక్కన ఒక స్టూలు వేసుకుంది. చుట్టాలెవరో వచ్చి, "ఏదీ మీ గుమ్మడి" అంటే, "ఆ పేరుగల వాళ్ళు ఈ ఇంట్లో లేరు, పొరబాటున వచ్చినట్టున్నారు" అని చేతిలోని ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుంది. వాళ్ళు ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు.

ఒక సాయంత్రం ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. మేస్త్రి కథ చెప్పబోతే, "ఇవాళ వద్దు, నేను అలసిపోయాను, నువ్వూ అలసిపోయావు" అంది కూతురు. మాటల్లేకుండా తిన్నారు. ఆ పిల్ల పళ్ళెంలో మెతుకు మిగల్చకుండా తిని, గోడకు ఆనుకుని, గంటసేపు కదలకుండా కూర్చుంది.

పళ్ళెం ఖాళీ అయిందన్నది నా కల్పన. మిగిలినవి ఎక్కడైనా కొంచెం సాగదీసి ఉంటాను గానీ, కావాలని పుట్టించింది ఆ ఒక్కటే. చేయి ఆగలేదు, రాసేశాను. సగం వదిలేసింది. గంట అన్నది కూడా గంట కాదు, నలభై నిమిషాలు. తర్వాత లేచి సింకు దగ్గర చెయ్యి కడుక్కుంది. తల్లీ తండ్రీ అటే చూశారు. వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. ఆ కూర్చోవడం నిజం.